వెనుక అర్ర

చేయాల్సిన పనులు ఇవి. ఇంటి చుట్టుకొలత, గోడల మందం, పైకప్పు ఎత్తు కొలవాలి. ఏ కిటికీ ఏ దిక్కుకు తెరుచుకుంటుందో రాసుకోవాలి. ఫ్యాన్లు, బల్బులు, ఫ్రిజ్, బోరు మోటారు ఏది ఎంత కరెంటు తాగుతుందో చూడాలి. ఏడాది కరెంటు బిల్లులు అడిగి తీసుకోవాలి. ఆ ఏడాది ఇంట్లో ఎవరెవరు ఉన్నారో తెలుసుకోవాలి. పొద్దుగూకే వేళకు థర్మల్ కెమెరా పట్టుకుని ప్రతి గోడనూ లోపలి నుంచి ఫోటో తీయాలి. ఇంటివాళ్లు చాయ్ పోస్తే తాగాలి, అన్నం పెడతామంటే మాత్రం వద్దనాలి. అన్నం తింటే మొహమాటం వస్తుంది, మొహమాటం వస్తే కొలత తప్పుతుంది.

చివరి మాట మమతారాణి మేడం సొంతంగా కలిపింది. మిగతావన్నీ పుస్తకాల్లో ఉన్నవే. కరీంనగర్‌లో ఒక మందుల దుకాణం పైగదిలో ఆమె ఆఫీసు. ఒక కట్టడం ఎంత కరెంటు ఖర్చు చేస్తుంది, బయటి ఎండను ఎంత ఆపుతుంది అని పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వడం ఆమె పని. స్తుతి ఆమె దగ్గర చేరిన నాటి నుంచి టేపు రెండో కొస పట్టుకోవడమే చేసింది. ఈసారి ఒంటరిగా పోతోంది. సక్కగ చేసుకొస్తే సర్టిఫికెట్ మీద తన సంతకం కింద ఆమె పేరు కూడా పడుతుందని, పేరు పడిందంటే నౌకరి పక్కా అయినట్టేనని మేడం చెప్పింది. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి స్తుతి. పడబోయే ఆ పేరు సంగతి ఆమెను కన్న అవ్వ నోటి మీదుగా అప్పుడే చర్చి అంతా తిరిగొచ్చింది.

పోవాల్సింది జమ్మికుంటకు. మార్కెట్ యార్డు వెనుక వీధిలో శ్యాంసుందర్ అనే పత్తి వ్యాపారి ఇల్లు. పత్తి రైతులకు శిక్షణ ఇచ్చే ఒక సంస్థ ఆ ఇంటిని కిరాయికి అడిగింది. కరెంటు తక్కువ తాగే ఇల్లు అని సర్టిఫికెట్ ఉంటేనే తీసుకుంటామని షరతు పెట్టింది. నెలాఖరులోగా కావాలంది.

బస్సు దిగేసరికి ఎండ నెత్తికెక్కింది. సీజన్ అయిపోయి యార్డు బోసిపోయినా, రోడ్డు పక్క తుమ్మకంపకు, కరెంటు తీగలకు దూది పోగులు ఇంకా వేలాడుతున్నాయి. శ్యాంసుందర్ పంపిన ఆటో బస్టాండు ముందే నిలబడి ఉంది. నడిపే మనిషి తన పేరు మోషే అన్నాడు. ఆమె పేరు విని అద్దంలోంచి ఒకసారి చూశాడు.

“స్తుతి అంటే మనోళ్లేనా మేడం?”

“ఔనన్నా. కరీంనగర్ల మెథడిస్టు చర్చి.”

ఆ మాటతో మేడం పోయి చెల్లె అయింది. దారి పొడుగునా మోషే నోరు ఆగలేదు. తమ చర్చి పాస్టర్ వెస్లీ అయ్యగారు ప్రసంగం మొదలుపెడితే ఊళ్లోని మెథడిస్టుల ఇండ్లన్నిటిలో కూరలు మాడిపోతాయని, అందుకే ఆదివారం తమ వీధిలో ఎవరూ పొయ్యి వెలిగించి రారని చెప్పి తనే నవ్వాడు. శ్యాంసుందర్ వీధి మలుపు తిరగగానే ఆ నవ్వు ఆగిపోయింది. ఆటోను గేటు దాకా తీసుకుపోలేదు. పక్కింటి గోడ నీడన ఆపాడు. నిచ్చెన లోపలి దాకా పట్టుకొస్తావా అన్నా అని అడిగితే, గేటు దాకా మోసి, కడ్డీలకు ఆనించి వెనక్కి తిరిగాడు.

“నేను గీడికే చెల్లె. పనైపోతే ఫోన్ జెయ్యి.”

గడప దాటగానే ఎండ ఎవరో కోసేసినట్టు తెగిపోయింది. బయట కళ్లు మూసుకుపోయే వేడి. లోపల బావిలోకి దిగినంత చల్లదనం. ఒక్క ఫ్యాను కూడా తిరగడం లేదు. స్తుతి ఉష్ణోగ్రత చూసే పరికరం తీసి పట్టుకుంది. అది చూపిన అంకె నమ్మబుద్ధి కాక ఆపి, మళ్లీ పెట్టి చూసింది. అదే అంకె.

“మా తాత కట్టిన గోడలు బిడ్డా. మట్టి, డంగు సున్నం. మూరెడు మందం ఉంటయి” అన్నాడు శ్యాంసుందర్. మెత్తగా మాట్లాడే పెద్దమనిషి. భుజం మీది తువ్వాలును మాటకొకసారి సర్దుకుంటాడు. కొడుకు దుబాయిలో ఉంటాడట. కోడలు అలేఖ్య, ఆయన, ఇద్దరే ఇంట్లో ఉండేది. సంస్థ వస్తే వాళ్లు పైఅంతస్తుకు మారుతారట. దుబాయిలో కొడుకు కంపెనీ సగం మందిని ఇంటికి పంపుతోందని, ఈ కిరాయి రాకపోతే ఇల్లు నడవడం కష్టమని దాచుకోకుండా చెప్పాడు.

టేపు రెండో కొస అలేఖ్య పట్టుకుంది. మనిషి పలుచన, పని చురుకు. గోడ మూలకు టేపు ఆనించి, వేలితో నొక్కి పట్టి, స్తుతి రాసుకునేదాకా కదలకుండా నిలబడేది. ఒక్కో అర్ర కొలుచుకుంటూ, నడిమింటి అర్ర, దేవుని అర్ర, వంటిల్లు దాటి, వెనుక వాకిట్లోకి వచ్చారు. అక్కడ ఇంటికి ఆనుకుని ఒక అర్ర ఉంది. ఒకప్పుడు పత్తి బస్తాలు వేసేవారట. గోడలు మిగతా ఇంటివే, మందంగా ఉన్నాయి గానీ పైన మాత్రం రేకులు. ఇంటి చల్లదనమంతా ఆ వాకిలి దాకానే. లోపలికి అడుగు పెట్టగానే పొయ్యి మీది కుండ మూత తీసినట్టు సెగ మొహానికి కొట్టింది. స్తుతి టేపు లాగుతూ అవతలి గోడ దాకా పోయింది. ఇవతలి కొస వదులైంది. తిరిగి చూస్తే అలేఖ్య గడప బయటే నిలబడి ఉంది. చెయ్యి చాపి టేపు కొసను గడప మీద పెట్టి, పైన చిన్న రాయి ఉంచింది.

“కాళ్లు గుంజుతున్నయక్కా” అంది, అడగకుండానే.

మధ్యాహ్నం చాయ్ తాగుతూ స్తుతి బిల్లులు ముందేసుకుంది. పోయిన వేసవి, వానాకాలం నెలల్లో యూనిట్లు ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి. ఇల్లు కొన్నాళ్లు మూసి ఉంచారా అని అడిగింది.

శ్యాంసుందర్ తువ్వాలు సర్దుకున్నాడు. దాచడానికేం లేదన్నాడు. పోయిన సంవత్సరం తన కన్నతల్లి శంకరవ్వ ఈ ఇంట్లోనే, ధనిష్ఠ నక్షత్రంలో పోయింది. ఆ నక్షత్రంలో ప్రాణం పోతే ఇల్లు ఆరు నెలలు మనుషులు లేకుండా పాడుపెట్టాలని పంచాంగం చూసే అయ్యగారు చెప్పాడు. శవాన్ని దర్వాజలోంచి తీయకూడదు కాబట్టి, ఆమె పడుకున్న అర్ర గోడ పగులగొట్టి అందులోంచి తీశారు. ఆ తెల్లారే తాళం వేసి ఊరి అవతల కిరాయి ఇంటికి పోయారు. గడువు తీరాక శాంతి చేయించి, గోడ పూడ్చి సున్నం వేసి, మళ్లీ వచ్చారు.

స్తుతికి ఆ ఆచారం తెలియనిది కాదు. ఆమె పరేషాన్ వేరే. ఇల్లు అన్ని నెలలు ఖాళీగా ఉంటే ఆ ఏడాది బిల్లులు లెక్కకు రావు. మనుషులు లేని ఇల్లు కరెంటు తాగకపోవడంలో గొప్పేముంది? ఇంకో ఏడాది ఆగి, కొత్త బిల్లులతో చూడాలి. ఆ మాటే చెప్పింది.

శ్యాంసుందర్ కాసేపు గోడవైపు చూశాడు. తర్వాత ఆయన మొహం తేటపడింది.

“ఖాళీ ఏడున్నది బిడ్డా? మనిషి ఉండె. మా పనామె సంతోషమ్మ. వెనుక అర్రల ఉండి ఇల్లు కాపాడింది. ఆరు నెలలు రాత్రింబగళ్లు.”

“పాడువెట్టిన ఇంట్లనా?”

“వాళ్లు కిరస్తానపోళ్లు గదా. వాళ్లకు నక్షత్రాలు పట్టవు.” ఆయన గొంతులో ఎగతాళి లేదు. వాన పడితే తడుస్తాం అన్నంత మామూలుగా అన్నాడు. “కావాల్నంటే రాసిస్త. సంతకం వెడ్త.”

అలేఖ్య గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

పొద్దు యార్డు షెడ్ల వెనక్కి దిగాక స్తుతి కెమెరా తీసింది. అది వెలుతురును చూడదు, వేడిని చూస్తుంది. చల్లటివి నీలంగా, వేడివి నారింజ రంగులో, మరీ వేడివి తెల్లగా తెరమీద కనబడతాయి. గోడలన్నీ నీలంగా, నిద్రపోతున్నట్టు ఉన్నాయి. శంకరవ్వ పోయిన అర్రలో పడమటి గోడ మీద కెమెరా తిప్పగానే నీలం నడుమ నారింజ రంగులో ఒక దర్వాజ లేచి నిలబడింది. కంటికి అక్కడేం లేదు, సాఫీగా సున్నం వేసిన గోడ. తెర మీద మాత్రం మనిషి ఎత్తున, అంచులతో సహా, లోపల దీపం పెట్టిన గుమ్మంలా ఉంది. మూరెడు మట్టి గోడను కొట్టి, దాన్ని పలుచటి సిమెంటు ఇటుకలతో పూడ్చారు. పగటి ఎండ ఆ ఇటుకల్లోంచి లోపలికి వస్తోంది. కారణం తెలిసినా స్తుతి దానికి ఎదురుగా నిలబడలేక పక్కకు జరిగింది. ఫోటో తీసుకుని బయటికి వచ్చింది.

వెనుక అర్ర చివరిది. రేకుల సెగకు తెర పైభాగమంతా తెల్లగా మండుతోంది. గోడలు నీలంగానే ఉన్నాయి. ఒక్కొక్కటీ తీస్తూ వెనుక గోడ దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

అక్కడ ఇంకొకటి ఉంది.

మొదటిది మనిషి ఎత్తు, నిలబడి భుజాల మీద మోసుకుపోయేంత. ఇది నేల నుంచి మొదలై నడుము దాకానే ఉంది. వంగి, ఈడ్చుకుపోయేంత. అంచులు వంకరటింకరగా, తొందరలో కొట్టినట్టు ఉన్నాయి. కెమెరా దించి చూసింది. తెల్లటి సున్నం గోడ. ఎత్తి చూసింది. నారింజ రంగు గుంత. ఆమె మోకాళ్ల మీద కూర్చుని అరచేయి ఆనించింది. చుట్టూ గోడ చల్లగా ఉంది. ఆ మేర మాత్రం జ్వరమొచ్చిన మనిషి వీపులా కాలుతోంది.

“అది పాత కిటికీ బిడ్డా” అన్నాడు శ్యాంసుందర్ వాకిట్లోంచి. ఆమె ఏమీ అడగలేదు.

నేలను ఆనుకుని కిటికీ ఎవరు పెడతారు అని అడగాలనుకుంది. ఆయన గడప దాటి లోపలికి రాలేదు. అలేఖ్య లాగే, ఆయన కూడా.

తిరిగి పోయేటప్పుడు ఆటోలో, మాట కలపడానికన్నట్టు, సంతోషమ్మ అంటే ఎవరన్నా, ఆ ఇంట్లో పనిచేసేదట గదా అని అడిగింది.

మోషే బ్రేకు మీద కాలు పెట్టి, తీశాడు. “నన్ను గన్న అవ్వనే చెల్లె.”

“ఇప్పుడు ఏడుంటది?”

“పోయిన ఎండలల్ల పాయె. మే నెలల. దవాఖానకు తీస్కపోతుంటే తొవ్వల పానం పోయిందని శ్యాంసుందర్ సేటే కార్ల ఏస్కొచ్చి ఇంట్ల పండవెట్టి పోయిండు. నేను సవారి పట్టుకొని వేరే ఊరికి పోయి ఉంటి.”

బస్సులో కూర్చున్నాక గానీ స్తుతికి అందులోని సంగతి తట్టలేదు. సంచిలోంచి బిల్లులు తీసి చూసింది. ఇంటికి తాళం పడ్డాక నెలకు ఒక బల్బు తాగే కరెంటు. జూన్ నుంచి అదీ లేదు. ఆరు నెలలు రాత్రింబగళ్లు ఉండి ఇల్లు కాపాడిన మనిషి, సగంలోనే చచ్చిపోయి ఉంది. ఆ తర్వాత నెలల్లో ఆ అర్రలో ఎవరున్నారని శ్యాంసుందర్ సంతకం పెడతానంటున్నాడు?

*

తెల్లారి ఆఫీసులో మమతారాణి స్తుతి చెప్పినదంతా విని, ఫోటోలు చూసింది. రెండో గుంత దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగింది. ఈ పనిలో ఎన్నో ఇండ్లు చూసిన మనిషి. కిటికీ కాదని ఆమెకూ తెలిసింది.

“మనం వేడిని కొలుస్తం స్తుతీ, ఇంటోళ్ల పాపపుణ్యాలు కొలవం” అంది. ఇంటాయన మనిషి ఉన్నదని సంతకం పెడితే ఆ కాగితం ఆయన మెడకు, మనకు కాదు. పాత కిటికీ అంటే పాత కిటికీ అనే రాయి. ఆ రెండుచోట్ల వేడి ఆపే పలకలు వేసుకోమని సలహా రాస్తే చాలు. బిల్లులు అంత తక్కువ ఉన్నాక ఆ ఇంటికి పెద్ద రేటింగే వస్తుంది. చెప్పాల్సింది చెప్పి, మేడం సర్టిఫికెట్ నమూనా తెరచి చూపించింది. సంతకం చోటు కింద అప్పుడే టైపు చేసి ఉంది, స్తుతి పేరు, పక్కన డిగ్రీ.

శ్యాంసుందర్ సంతకం కోసమే స్తుతి మళ్లీ జమ్మికుంట బస్సెక్కింది.

శ్యాంసుందర్ బ్యాంకు పని మీద బయటికి పోయాడు. అలేఖ్య చాయ్ పెట్టి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. వచ్చిన పని విన్నాక చాలాసేపు చీర కొంగు దారం లాగుతూ ఉండిపోయింది. లోపల చల్లగా ఉంది. వెనుక వాకిట్లో రేకులు ఎండకు వ్యాకోచించి, ఉండుండి టప్పుమంటున్నాయి. ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా అలేఖ్య అటు చూడకుండా ఉండటానికి మెడ బిగబట్టుకుంటోంది.

“ఆమెకు ఫ్యాను లేకుండె అక్కా” అంది చివరికి.

తర్వాత మెల్లగా, ఒక్కో ముక్క చెప్పింది. మూసిన ఇంట్లో వైర్లు కాలి నిప్పంటుకుంటుందేమోనని మామ మెయిన్ దగ్గర ఫ్యూజులన్నీ పీకేశాడు. వెనుక అర్రలో ఒక బల్బుకు మాత్రం కరెంటు ఉంచాడు. ఇంటి లోపలి దర్వాజకు తాళం. పాడుపెట్టిన ఇంట్లోకి తమవాళ్లెవరూ అడుగు పెట్టకూడదు గనుక, రోజూ పొద్దుగాల అలేఖ్య టిఫిను గిన్నె తెచ్చి వెనుక ప్రహరీ గోడ మీద పెట్టి పోయేది. సంతోషమ్మ ముందురోజు ఖాళీ గిన్నె కడిగి అక్కడే పెట్టేది. ఎండలు ముదిరాక ఒకసారి, లోపల ఉడికిపోతున్నది బిడ్డా, నడిమింట్ల పండుకుంట, మామకు చెప్పి తాళం తీపియ్యి అని గోడ అవతలి నుంచి అడిగింది. అలేఖ్య మామకు చెప్పింది. గడువు తీరకుండా తాళం తీయొద్దని అయ్యగారు చెప్పిండు గదా అన్నాడు మామ. అడిగింది ఆ ఒక్కసారే.

“ఒకనాడు పోయేసరికి గిన్నె గట్లనే ఉన్నది. నిండుగ. ఇంటికి పోయిందేమో అనుకున్న. పక్కపొంటి ఇంకో గిన్నె వెట్టి ఒచ్చిన.” ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు. “తెల్లారి పోతే రెండు గిన్నెలు అట్లనే ఉన్నయి. పిలిచిన. గోడ మీదికెళ్లి చూస్తే వాకిట్ల చెప్పులు కనవడ్డయి. లోపలికి పోవాల్నంటే అడుగు వడలే. నేను పోతే మా ఇంటాయనకు ఆడ దుబాయిల ఏమన్న అయితదేమో అనిపిచ్చింది.”

మామ వేరే ఊరి కూలీలను ఇద్దరిని తెచ్చాడట. నడి మధ్యాహ్నం, వీధి తలుపులన్నీ వేసుకుని ఉన్న వేళ. పాడుపెట్టిన ఇంట్లో మళ్లీ శవం లేచింది. మళ్లీ దర్వాజలోంచి తీస్తే ఏమవుతుందోనని ఆయన వణికిపోయాడు. కూలీలు వెనుక గోడను నడుము దాకా కొట్టారు. అంతకన్నా కొట్టడానికి ఆ వేడిలో వాళ్లకూ చేతకాలేదు.

గేటు చప్పుడైంది. అలేఖ్య లేచి గ్లాసులు తీసింది. శ్యాంసుందర్ చెమట తుడుచుకుంటూ వచ్చి, స్తుతి ఇచ్చిన కాగితం చదివి, జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టాడు.  ఏడాది పొడుగునా ఇంట్లో మనిషి ఉన్నట్టు అందులో ఉంది.

స్తుతి ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఇది చదువుతున్న వాళ్లకు కోపం రావచ్చు, కానీ పెట్టుకుంది. గేటు దాకా నడిచేలోపు ఆమె మనసు తనకు కావాల్సిన మాటలన్నీ వరుసగా పేర్చిపెట్టింది. పోయినామె ఎట్లాగూ రాదు. అవ్వ దవాఖాన దారిలో, మనుషుల నడుమ పోయిందని మోషే నమ్మకంగా ఉన్నాడు. ఒంటరిగా, ఉడికిపోయి, రెండు రోజులు ఎవరూ చూడకుండా పడి ఉందని చెప్పి ఆ ఒక్క నిమ్మళం ఎందుకు తీసేయాలి? ఇంట్లో తన అవ్వ ఎదురుచూస్తోంది. నౌకరి కావాలి. పాత కిటికీ అంటే పాత కిటికీయే.

*

ఆటో వీధి మలుపు దాటాక మోషే వేగం తగ్గించాడు. తర్వాత పక్కకు తీసి ఇంజను ఆపేశాడు. ముందుకే చూస్తూ అడిగాడు.

“చెల్లె, నీ కెమెరాల గోడల లోపలున్నది కనవడ్తదట గదా.”

ఎవరు చెప్పారని అడిగింది. సేటు నిన్న కిరాణం దుకాణం దగ్గర అందరికీ చెప్పుకున్నాడట, తమ గోడలకు ఎంత పెద్ద పరీక్ష జరుగుతోందో.

“కనవడ్తదన్నా. వేడి ఉంటే.”

“అయితే ఒకటి చెప్పు. ఏ గోడ?”

స్తుతి చెయ్యి ఒళ్లోని సంచి మీదికి పోయింది.

“మా అవ్వకు స్నానం జేపిచ్చింది నా భార్య ప్రిస్కిల్లా. పెట్టెల వెట్టెటప్పుడు తల దువ్వుదమని కొప్పు విప్పితే, సున్నం పొడి. మట్టి పెళ్లలు. ఎంత కడిగినా ఒస్తనే ఉన్నదట. భుజాలు రెండూ గీక్కపోయి ఉన్నయి.” మోషే హ్యాండిల్ మీద దుమ్మును బొటనవేలితో తుడిచాడు, మళ్లీ తుడిచాడు. “తొవ్వల పోయినామెకు తలల సున్నం పొడి ఏడికెళ్లి ఒస్తది? ఆనాడే ఎరుకయింది. సేటు ఆటోకు అప్పిప్పిచ్చిండు, పిల్లగాండ్ల ఫీజులకు అక్కెరకొచ్చిండు. నోరు తెర్వలే. ఏ గోడలకెళ్లి తీసిండ్రో తెల్వది గంతే. సంవత్సరం సంది గా ఇంటి ముందు ఆగినప్పుడల్లా ఒక్కో గోడను చూస్త. గిదా, గదా అని.”

స్తుతి సంచిలోంచి కెమెరా తీసింది. ఆ గోడ ఫోటోను తెర మీదికి తెచ్చి అతని చేతికిచ్చింది. అతను ఎండకు చెయ్యి అడ్డం పెట్టి, తెరను దగ్గరికి తీసుకుని చూశాడు. అడుగునున్న గుంత ఎత్తును వేళ్లతో కొలిచాడు.

“గింతేనా?” అన్నాడు.

ఆమెకు మేడం చెప్పిన ఏ మాటా గుర్తుకు రాలేదు. వెనక్కి తిప్పన్నా అంది.

ఈసారి ఆటో పక్కింటి నీడన ఆగలేదు. గేటు ముందుకే వచ్చింది. మోషే చెప్పులు విప్పి, ఆ ఇంటి గడప దాటి, నడిమింట్లోంచి నడుచుకుంటూ పోయాడు. ఆ చల్లదనం తగిలినప్పుడు ఒక్క క్షణం ఆగి, పైకప్పు వైపు, నాలుగు గోడల వైపు చూశాడు.  శ్యాంసుందర్ కుర్చీలోంచి లేచి, వెనకే వచ్చి వాకిట్లో నిలబడిపోయాడు. వంటింటి దర్వాజలో అలేఖ్య.

వెనుక అర్రలో స్తుతి వేలితో చూపించింది. మోషే కూర్చుని, రెండు అరచేతులూ గోడకు ఆనించాడు. రేకులు టప్పుమన్నాయి. చెమట అతని చెవుల వెంట కారి చొక్కా కాలరులోకి ఇంకుతోంది. తుడుచుకోలేదు.

“భయమైంది మోషే. గంతే” అన్నాడు శ్యాంసుందర్. “మళ్ల దర్వాజకెళ్లి తీస్తే ఇంటి మీదికి ఏం ఒస్తదో అని.”

మోషే తల తిప్పలేదు.

“మీకు నక్షత్రాలు పట్టవు అని ఉంచితిరి సేటు మా అవ్వను. సచ్చినంక పట్టినయా?”

 చేతులు గోడ మీంచి తీయకుండానే, ఇంకా మెల్లగా, “అవ్వకు గూడ భయమై ఉంటది. గింత ఉడుకుల ఒక్కతి” అన్నాడు.

శ్యాంసుందర్ గడప దాటాడు. సంతోషమ్మ పోయాక ఆ అర్రలోకి ఆయన అడుగు పెట్టింది ఆ రోజే. దాటి, ఏం చేయాలో తెలియక తువ్వాలు భుజం మీంచి తీసి, చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చునేవాడేమో. ఎవరూ కూర్చోమనలేదు.

స్తుతి సంచిలోంచి కాగితం తీసి ఆయనకు తిరిగి ఇచ్చింది.

“ఈ నెలలు లెక్కల పట్టవు సార్.”

“మనిషి ఉండె గదా బిడ్డా. నువ్వే అన్నవు, మనిషి ఉంటే పడ్తయని.” ఆయన గొంతులో వాదం లేదు, అలవాటుగా వచ్చిన మాట అది.

“ఉండె సార్. ఎండాకాలంల ఫ్యాను లేకుంట ఉండె. దాన్ని కరెంటు పొదుపు అని నేను రాయలేను.”

నివేదిక ఆమె చీకటి పడకముందే బస్సులో, ఒళ్లో సంచి పెట్టుకుని రాసింది. రెండో ఫోటో కింద పాత కిటికీ అని రాయలేదు. ఈ అర్రలో సంతోషమ్మ అనే మనిషి ఉండేదని, కరెంటు తీసేసి ఉందని, మే నెల వేడిలో ఇక్కడే చనిపోయిందని, ఆమె శవాన్ని బయటికి తీయడానికి గోడ ఇక్కడ కొట్టారని రాసింది. అందువల్ల ఆ ఏడాది తక్కువ యూనిట్లను ఇంటి గొప్పతనంగా లెక్కించడానికి వీల్లేదని ముగించింది.

మమతారాణి అది చదివి తిట్టలేదు. నమూనా మూసేసి, ఇంటిగలాయనకు ఫోన్ చేసి, ఇప్పుడు సర్టిఫికెట్ రాదు, వచ్చే ఏడు చూద్దామని చెప్పింది. రెండు రోజులు స్తుతితో అవసరం లేని మాట మాట్లాడలేదు. మూడోనాడు టేపు చేతికిచ్చి, మంచిర్యాల పని ఉంది, నేనూ వస్తున్న, రెండో కొస పట్టుకో అంది. సంస్థ వేరే ఇల్లు చూసుకుంది. స్తుతి పేరు ఇంకా ఏ సర్టిఫికెట్ మీదా పడలేదు. చర్చిలో అడిగేవాళ్లకు ఆమె అవ్వ, పడ్తది తియ్యి, ఏం ఫికర్ జెయ్యకుండ్రి అని చెబుతోంది.

సంతోషమ్మ గురించి మోషే తర్వాత చాలా చెప్పాడు. జమ్మికుంటలో నాలుగిండ్లలో పనిచేసేదట. పాన్ అంటే ప్రాణమట, పాస్టరుకు కనబడకుండా నమిలేదట. ఆదివారం పాట ఎత్తుకునేది ముందు ఆమేనట. రాగం తప్పిందని పక్కవాళ్లు మోచేత్తో పొడిచినా ఆపకుండా చివరి చరణం దాకా గట్టిగా పాడి, కూర్చునేటప్పుడు పొడిచినవాళ్లను చూసి నవ్వేదట. ఆమె ఫోటో ఒక్కటీ లేదు. ఆధార్ కార్డు మీది మసక బొమ్మ తప్ప.

అందుకే ఇది చదివిన మీకు ఒక చిన్న మనవి. వచ్చే ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం అన్నం తిని, ఫ్యాను వేసుకుని నడుం వాల్చినప్పుడు, నిద్ర పట్టే ముందు ఒక్కసారి సంతోషమ్మను తలచుకోండి.